తాళంచెవి ఆఖర్న

నడిచే కారు అరుగుతుంది, నిలబడ్డ కారు పట్టేస్తుంది. అరుగుదల చెవికి తెలుస్తుంది: ఎక్కడో టకటక, ఎక్కడో కీచు. పట్టేసిన కారు నోరు మెదపదు. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో షెడ్డులో ఉండిపోయిన కారును చూసే యజమానికి కనబడేవి దుమ్ము, గాలి పోయిన టైర్లు, చచ్చిన బ్యాటరీ. దుమ్ము కడిగి, గాలి కొట్టించి, కొత్త బ్యాటరీ పెడితే పనైపోతుందనుకుంటాడు. ఆదివారం పొద్దున నలుగుర్ని పిలిచి సెల్ఫ్ కొడతాడు.

కారుకు అసలు దెబ్బ తగిలేది అప్పుడే. తుప్పుతో సిలిండర్ గోడకు అతుక్కున్న పిస్టన్ రింగు విరుగుతుంది. ఆయిల్ అంతా కిందికి జారిపోయి ఎండిన బేరింగులు గీసుకుపోతాయి. ట్యాంకు అడుగున పేరుకున్న చిలుము కార్బురేటర్‌లోకి చేరుతుంది. ఎలుక కొరికిన వైరు వేడెక్కి అంటుకుంటుంది. వీటన్నిటినీ దాటి ఇంజన్ నిజంగానే అందుకుందనుకోండి, అప్పుడింకా ప్రమాదం: బ్రేకుల్లేని కారు కదలడం మొదలుపెడుతుంది.

కాబట్టి ఈ అధ్యాయానికి ఒకటే సూత్రం. ఉత్సాహం మొదట చేయమనే పనిని ఆఖర్న చేయాలి. ముందు కారు ఆగడం నేర్చుకోవాలి, తర్వాత చేత్తో తిరగాలి, ఆ తర్వాతే తాళంచెవి.

మన పేటకున్న అనుకూలం

సికింద్రాబాద్‌లోని మన యాప్రాల్‌లో, పక్కనే సైనిక్‌పురిలో రిటైరైన సైనిక కుటుంబాలు ఎక్కువ. ఆర్మీ బండ్లను, యంత్రాలను బాగుచేసే ఈఎంఈ విభాగానికి శిక్షణ కాలేజీ తిరుమలగిరిలోనే ఉంది. పానా పట్టడం తెలిసినవాళ్లు, సర్వీసు మాన్యువల్ చదివి పని చేసే అలవాటున్నవాళ్లు దేశంలో చాలా పేటల్లో కంటే ఇక్కడ సులువుగా దొరుకుతారు. విడిభాగాలకు రాణిగంజ్ దగ్గర. బేరింగు, హోస్ పైపు, ఆయిల్ సీలు, బెల్టు లాంటివి పాత కారు పేరు చెబితే దొరక్కపోయినా, కొలత చెప్పినా, పాత ముక్క చేతిలో పెట్టినా దొరుకుతాయి.

ఉదాహరణగా ఒక కారును పెట్టుకుందాం: స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేశారు. 948 సీసీ ఇంజను. రూపం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. ఇది స్పోర్ట్స్ కారు కాదు, స్పోర్ట్స్ కారుకు తోబుట్టువు. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసి, దానిమీదే కట్టారు. దాన్ని గీసిందీ మికెలోట్టే. స్పిట్‌ఫైర్ 1980 దాకా తయారైంది, ఇంగ్లండులో దాని సామాను ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. పార్ట్ నంబరు సరిచూసుకుంటే అందులో కొంత హెరాల్డ్‌కు కూడా పనికొస్తుంది. పైగా ఈ రెండు కార్లకూ బానెట్టు రెక్కలతో సహా మొత్తంగా ముందుకు లేస్తుంది. ముందు చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి కారు దొరకదు.

మీ షెడ్డులో ఉన్నది ఎంజీ అయినా, ఫియట్ అయినా ఇక్కడ చెప్పే వరస మారదు. కొలతలు మాత్రం మీ కారు మాన్యువల్లోవే తీసుకోండి.

మొదటి నిర్ణయం: నడిపించడమా, కొత్తగా చేయడమా?

రెండూ వేరు పనులు. నడిపించడమంటే కారు స్టార్టవ్వాలి, తిరగాలి, ఆగాలి, పది కిలోమీటర్లు పోయి ఇంటికి రావాలి. కొత్తగా చేయడమంటే పెయింటు, క్రోమ్, సీట్లు, ఇంజన్ బోర్, అన్నీ. ఈ రెండిటినీ కలిపేసినవాళ్ల కార్లే అట్టపెట్టెల్లో మిగిలిపోతాయి. మొదటి నెలలో ఊడదీయడం ఉత్సాహంగా సాగుతుంది. ఊడదీసిన ముక్క ఎక్కడిదో ఆరో నెలకు గుర్తుండదు. రెండో ఏడు ఎవరో ఒకరు పాత ఇనుము ధర కడతారు.

ముందు నడిపించండి. నడిచే కారుకు పెయింటు వేయించాలన్న కోరిక దానంతట అదే నిలబడుతుంది. నడవని కారుకు వేసిన పెయింటు దాన్ని నడిపించదు. పని మధ్యలో దీన్ని మరిచిపోకుండా ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఒకసారి ఒక్క వ్యవస్థనే విప్పాలి. బ్రేకులు విప్పితే అవి బిగించి, పనిచేస్తున్నాయని చూశాకే పెట్రోలు లైను ముట్టుకోవాలి.

ప్రదర్శన కోసమే బాగుచేసే కార్లూ ఉంటాయి. మన ఊళ్లోనే ఉంది దానికి సాక్ష్యం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు బార్కర్ కంపెనీ సింహాసనంలాంటి సీటుతో బాడీ కట్టింది. కారు చేతికొచ్చేలోపే, 1911లో ఆయన కన్నుమూశారు. ఏడో నిజాం కాలంలో అది ఉత్సవాలకు తప్ప బయటికి రాలేదు. తర్వాత దశాబ్దాలు నిలిచిపోయి, మళ్లీ మరమ్మతై, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగులో మెరుస్తోంది. అది చరిత్రను కాపాడే పని. దానికి సంస్థలు, నిపుణులు, నిధులు కావాలి. మీది వేరే పని. మీ కారుకు ముందు రోడ్డు కావాలి.

కాగితాలు: పానా పట్టేముందే

ఆర్సీ తీయండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. పేరు మారకపోతే, యజమాని చనిపోయి ఉంటే, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి. కారు సిద్ధమై కాగితాలు సిద్ధం కాకపోవడమంత నీరసం తెప్పించేది ఇంకోటి లేదు.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 జూలైలో కేంద్రం వేరే నిబంధనలు తెచ్చింది. అరవైల నాటి హెరాల్డులన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. వింటేజ్ వాహనంగా కొత్తగా రిజిస్టర్ చేయాలంటే రుసుము 20,000 రూపాయలు, రిజిస్ట్రేషన్ చెల్లుబాటు పదేళ్లు, ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. కొత్త నంబర్లలో ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఇదివరకే రిజిస్టరైన కారు తన పాత నంబరు ఉంచుకోవచ్చు.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, వింటేజ్‌గా రిజిస్టరైన కారును రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు పోయించడం, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కాలి. రెండోది, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ‘ఇంత తంటా ఎందుకు, మారుతి ఇంజన్ దింపేద్దాం’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆ పని చేస్తే కారు నడుస్తుందేమో గానీ ఈ దారి మూసుకుపోతుంది. పాత ఇంజన్ కదలకపోయినా పారేయకండి.

చూడటం: మొదటి ఆదివారం పని

మొదటి ఆదివారం పనిముట్లు తీయకండి. టార్చిలైటు, నోటుబుక్కు, ఫోను చాలు. కారు చుట్టూ, కింద, లోపల ఫోటోలు తీయండి. ప్రతి వైరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో తెలిసేలా దగ్గరగా తీయండి.

చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. బండలు, పొదలు ఇంకా మిగిలి ఉన్న పేట మనది. బానెట్టు కిందికి, సీటు కిందికి చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. పాము లేకపోయినా ఎలుక తప్పకుండా ఉండి ఉంటుంది. ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ గొట్టం, సీటు స్పాంజి దానికి ఇష్టమైన చోట్లు. వైరింగు మొత్తం చూడండి. గుడ్డ చుట్టిన పాత వైర్లు పెళుసెక్కి ఉంటే ఆ తీగ మార్చాల్సిందే. బ్యాటరీ ఏ కొస భూమికి కలిపి ఉందో రాసుకోండి. చాలా పాత బ్రిటిష్ కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. ఈ రోజుల అలవాటుకొద్దీ నెగెటివ్‌ను బాడీకి కలిపితే డైనమో, రేడియో దెబ్బతినొచ్చు.

ముందు ఆగడం

బ్రేకులతో మొదలుపెట్టడం ఎవరికీ నచ్చదు. చప్పుడు లేదు, పొగ లేదు, చూసేవాళ్లు లేరు. కానీ మొదటి పని ఇదే.

మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. ఆ తేమే లోపలినుంచి చక్రాల సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. అప్పటి కార్లలో ఎక్కువగా మాస్టర్ సిలిండర్ ఒకటే, లైను ఒకటే. ఒకచోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే.

చేయాల్సింది ఇది: నాలుగు డ్రమ్ములూ తీయండి. సిలిండర్లలో గుంటలు పడితే మార్చండి, లేకపోతే రబ్బరు కిట్లు వేయండి. రబ్బరు హోసులు బయటికి బాగానే కనబడ్డా మార్చండి. లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటాయి, పెడల్ వదిలినా చక్రం వదలదు. ఇనుప పైపులను గుడ్డతో తుడిచి తుప్పు చూడండి. కొత్త ఆయిల్ పోసి ఎయిర్ తీయండి. హ్యాండ్‌బ్రేకు కేబులు కదులుతుందో లేదో చూడండి.

టైర్ల మీద ఉన్న నాలుగంకెల గుర్తులో మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. ఆ గుర్తే లేనంత పాతవైతే ఆలోచించే పనిలేదు. పగుళ్లున్న టైరు షెడ్డులో కారును తోయడానికే పనికొస్తుంది, రోడ్డుకు పనికిరాదు.

హెరాల్డ్, స్పిట్‌ఫైర్ యజమానులకు ప్రత్యేకంగా ఒక మాట. ముందు చక్రాల దగ్గర, కింది చేతుల కొసల్లో ట్రనియన్లని ఉంటాయి. చక్రం తిరిగేది వాటి మరల మీదే. వాటికి గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్ కొట్టాలి. గ్రీజు గట్టిపడితే మర ఎండి, ఒకరోజు విరిగి చక్రం పక్కకు ఒరిగిపోతుంది. గ్రీజు గన్ పట్టుకొచ్చిన కుర్రాడికి ఈ మాట ముందే చెప్పండి.

చేత్తో తిప్పడం

ఇప్పుడు ఇంజన్. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల పల్చటి ఆయిల్ పోయండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు వాడే ఏటీఎఫ్ అయితే మంచిది. వారం రోజులు ముట్టుకోకండి. తర్వాత ముందు పుల్లీ బోల్టుకు పానా వేసి నెమ్మదిగా తిప్పండి. కదలకపోతే బలం పెంచకండి, ఇంకా ఆయిల్ పోసి ఇంకో వారం ఆగండి. నాలుగో గేర్లో వేసి కారును కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ ఊపడం ఇంకో పద్ధతి. చానాళ్లు జ్వరంతో మంచాన పడి లేచినవాణ్ని ముందు కూర్చోబెడతాం, తర్వాత నిలబెడతాం. ఇంజన్‌కూ అంతే ఓపిక కావాలి.

తిరగడం మొదలయ్యాక ఇంకో పరీక్ష. ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు ముందు పుల్లీని చూడాలి. అది ముందుకూ వెనక్కూ కళ్లకు తెలిసేంత జరుగుతుంటే క్రాంక్ థ్రస్ట్ వాషర్లు అరిగాయన్నమాట. ఈ ట్రయంఫ్ ఇంజన్లకు అది పాత జబ్బు. సంప్ దింపి వాటిని మార్చకుండా స్టార్ట్ చేస్తే క్రాంకు, బ్లాకు రెండూ పాడవుతాయి.

పాత ఆయిల్, ఫిల్టరు మార్చి 20డబ్ల్యూ50 పోయండి. ప్లగ్గులు బయటే ఉంచి, కొత్త బ్యాటరీతో సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషర్ దీపం ఆరేదాకా చూడండి. ఒకేసారి చాలాసేపు కొట్టకండి, మధ్యలో సెల్ఫ్ మోటారును చల్లారనివ్వండి. ఆయిల్ పైకెక్కాక నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవండి. ఒకటి మాత్రం బాగా తక్కువ చూపితే అందులో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే లోపం రింగుల్లో ఉంది. పెరగకపోతే వాల్వుల్లోనో, హెడ్ ప్యాకింగులోనో ఉంది. ఇంతకుముందు కాదు, ఈ సంగతి తేలాకే హెడ్ దించే మాట ఎత్తాలి.

కరెంటు, నీళ్లు, పెట్రోలు

కరెంటు: డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లను సన్న గరుకు కాగితంతో రుద్ది, గ్యాప్ 15 థౌ, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు పెట్టండి. కండెన్సరు మార్చేయండి, ఖర్చు తక్కువ. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ప్లగ్ వైర్లు పీకేముందే వాటికి అంకెలు రాయండి.

నీళ్లు: రేడియేటర్‌ను రెండు వైపుల నుంచీ కడిగించండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. రేడియేటర్ గొట్టాలు మూసుకుపోయేది దానితోనే. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపే పోయండి. హోసులు మార్చండి. బ్లాకు పక్కల ఉండే గుండ్రటి రేకు మూతల దగ్గర తుప్పు చెమ్మ కనబడితే అవి రేపో మాపో ఊడతాయి.

పెట్రోలు: పాత పెట్రోలు వాసనకే తెలిసిపోతుంది, వార్నిష్‌లా ఉంటుంది. ట్యాంకు దింపి ఖాళీ చేసి కడిగించండి. వెల్డింగుకు మాత్రం తొందరపడకండి, ఖాళీ ట్యాంకులో ఆవిరే పేలుతుంది. మొదటి స్టార్టుకు ట్యాంకు అక్కర్లేదు. ఎత్తులో కట్టిన చిన్న డబ్బా నుంచి కార్బురేటర్‌కు పెట్రోలు ఇవ్వండి. మెకానికల్ పంపులో డయాఫ్రమ్ చినిగితే పెట్రోలు సంప్‌లోకి దిగుతుంది. ఆయిల్ కడ్డీ వాసన చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను లాక్కుంటుంది. పెట్రోలు లైను రబ్బర్లన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చాలి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకూడదు.

ఉస్తాద్‌తో మాట్లాడటం

మంచి మేస్త్రి దొరికితే సగం పని అయినట్టే, కానీ పని మీ చేతుల్లోంచి జారిపోవడమూ అక్కడే మొదలవుతుంది. ‘సార్, హెడ్ దించేద్దాం, మొత్తం చేసేద్దాం’ అంటాడు. అతని దృష్టిలో అది నిజాయితీ గల సలహాయే, పని మళ్లీ మళ్లీ రాకూడదని. మీరు అడగాల్సింది ఒకటే: ‘ఉస్తాద్, ఎందుకు దించాలో ముందు చూపించండి.’ కంప్రెషన్ అంకెలు మీ నోటుబుక్కులో ఉంటే ఆ మాటలో బలం ఉంటుంది.

పనిని ముక్కలుగా ఇవ్వండి. బ్రేకులకు ఒక ధర, ఒక తేదీ. అవి అయ్యాక కార్బురేటర్‌కు ఒక ధర, ఒక తేదీ. తీసిన పాత ముక్క ప్రతిదీ వెనక్కి తీసుకోండి. కొత్తది సరిపోనప్పుడు రాణిగంజ్‌లో కొలత చూపించడానికి, లేత్ షాపులో నమూనాకు అదే దిక్కు. కారు ఆయన షెడ్డుకు పోవడం కంటే ఆయనే మీ షెడ్డుకు రావడం మంచిది. పరాయి షెడ్డులో మూల చేరిన కారు మళ్లీ నిలబడ్డ కారే అవుతుంది.

స్టార్టు, తర్వాత పది కిలోమీటర్లు

కారును షెడ్డు బయటికి తోయండి. ఒకరు మంటలార్పే సిలిండర్‌తో నిలబడాలి. ఒకరు ఇంజన్‌ను చూడాలి, ఒకరు లోపల ఉండాలి. అందుకున్న వెంటనే రేస్ ఇవ్వకండి. కొన్ని క్షణాల్లో ఆయిల్ దీపం ఆరకపోతే ఆపేయండి. పొగ కాసేపు వస్తుంది, మీరు పోసిన ఆయిలే అది. పెట్రోలు కారుతోందా, నీళ్లు కారుతున్నాయా, డైనమో చార్జి చేస్తోందా అని చూసి ఆపేయండి. ఆ రోజుకు చాలు.

క్లచ్ తొక్కినా గేరు పడకపోతే ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుంది. చాలాసార్లు ఇంజన్ వేడెక్కాక, పెడల్ నొక్కి ఉంచితే వదులుతుంది.

మొదటి ప్రయాణం గేటు లోపలే: ముందుకు, వెనక్కు, బ్రేకు. రెండోది కాలనీ చుట్టూ. మూడోది పది కిలోమీటర్లు, పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు. కంటోన్మెంటు గేట్లు ఎప్పుడు తీస్తారో ముందే చూసుకుని దారి ఎంచుకోండి. వెనక ఇంకో కారు రావాలి. ప్రతిసారీ ఇంటికొచ్చాక చక్రాల మధ్యభాగాన్ని చేత్తో తాకి చూడండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే దాని బ్రేకు పట్టేస్తోంది.

కారు దాటి

ఈ వరస కారుకే పరిమితం కాదు. మధ్యలో వదిలేసిన సంగీతం, ఆగిపోయిన డిగ్రీ, మూతపడ్డ వ్యాపారం మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది వదిలేసిన చోటినుంచే, వదిలేసినప్పటి వేగంతోనే మొదలుపెడతారు. వారంలో మళ్లీ ఆగిపోతారు. తమలో పట్టుదల లేదనుకుంటారు. వాళ్లు చూడనిది, ఆగి ఉన్న కాలం కూడా పని చేసిందని. చేతివేళ్లు బిగిసి ఉంటాయి, పాఠ్యపుస్తకాలు మారి ఉంటాయి, పాత ఖాతాదారులు వేరే అంగడికి అలవాటుపడి ఉంటారు. ముందు ఆ నష్టాన్ని కాగితం మీద రాయాలి. తర్వాత ఏది చేస్తే నష్టం పెరగదో అది చేయాలి. వేగం గురించి ఆలోచించడం ఆ తర్వాతే. మనిషిని రెండోసారి ఆపేది ఎక్కువగా బద్ధకం కాదు, తొందర.

ఈ అధ్యాయం అభ్యాసాలు

1. మీ కారు లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి: ‘స్టార్టవ్వాలి, ఆగాలి, పది కిలోమీటర్లు పోయి రావాలి.’ అందులో పెయింటు మాట ఉంటే కొట్టేయండి.

2. నోటుబుక్కులో ఆరు పేజీలకు ఆరు శీర్షికలు పెట్టండి: కాగితాలు, బ్రేకులు, ఇంజన్, కరెంటు, నీళ్లు, పెట్రోలు. ఒక పేజీ పూర్తయ్యాకే ఇంకోటి తెరవండి.

3. ఖర్చు అంచనా వేసి, దానికి సగం అదనంగా పక్కన పెట్టండి. కాగితాలకయ్యే రుసుము ఇందులో కలపకండి.

4. నగరంలో పాత కార్ల ర్యాలీలు జరిగినప్పుడు వెళ్లి, మీ రకం కారున్న యజమానిని పట్టుకోండి. పార్ట్ నంబర్ల సంగతి పుస్తకాల కంటే వాళ్లకే బాగా తెలుసు.

5. కారు నడిచాక క్యాలెండరులో పదిహేను రోజులకోసారి గుర్తు పెట్టండి. షెడ్డులోనే స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం లేదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే సైలెన్సర్లో, ఆయిల్‌లో తేమ మిగిలిపోతుంది. ఇరవై కిలోమీటర్లయినా నడపాలి, వింటేజ్‌గా రిజిస్టరైన కారైతే అనుమతి ఉన్న పనుల మీదే. మీకు కుదరని వారం ఎవరు నడుపుతారో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకుని, ఆ పేరు కూడా క్యాలెండరులో రాయండి.